నవలా రచయిత మన దారిన వస్తే

చిన్ననాటి ఊళ్లు చూసుకొని నవల రాద్దామని రచయితలు బయల్దేరడం మంచిదే. పొరుగున చిన్నగూడూరులో పుట్టిన దాశరథి రంగాచార్య తాను ఎరిగిన వెట్టి బతుకులనే 1969లో ‘చిల్లర దేవుళ్లు’ నవలగా రాశారు. ఆదిలాబాద్ గోండు గూడేలు తిరిగి సాహు, అల్లం రాజయ్య ‘కొమురం భీం’ రాశారు.

అయితే ఖమ్మంలో కారెక్కి, పాల్వంచ మీదుగా భద్రాచలం చేరి, రాములవారి దర్శనం చేసుకొని, పర్ణశాల చూసి సాయంత్రానికి తిరిగిపోతే ఏం దొరుకుతుంది? ఇప్పపూల వాసన దొరుకుతుందేమో. యాభై ఆకులు లెక్కపెట్టి తునికాకు కట్ట కట్టే అమ్మ మాత్రం దొరకదు. ఎండాకాలం సెలవుల్లో మేమూ ఆ కట్టలు కట్టి, కల్లం దగ్గర వరుసలో నిలబడ్డవాళ్లమే. అది మాకు జ్ఞాపకం కాదు, నోటుపుస్తకాల ఖర్చు.

ఇంకో సంగతి. కూనవరం, చింతూరు, వేలేరుపాడు మండలాలు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. పోలవరం ముంపులో ఊరు పోయిన మిత్రుడు చిన్ననాటి ఊరు చూడ్డానికి ఎక్కడికి పోవాలి?

మా ఇళ్లలో డిగ్రీ మెట్టెక్కిన మొదటివాళ్లం మేమే. కనుక ఈ పని మనదే అంటాం. తమ్ముళ్లూ, ఈసారి సెలవులకు ఒక నోటుబుక్కు తీసుకెళ్లండి. వాగుల పేర్లు, పాత కూలి రేట్లు, అమ్మమ్మ చెప్పే కరువు ముచ్చట్లు రాసుకోండి. కోయ మాటలైతే కోయ మిత్రుల్నే అడగండి, ఊహించి రాయొద్దు.