అవతల మాట్లాడేది నిజంగా మంత్రేనా?

2025 జూన్‌లో మూడు దేశాల విదేశాంగ మంత్రులకు సిగ్నల్ యాప్‌లో సందేశాలు వచ్చాయి. పంపింది అమెరికా విదేశాంగ మంత్రి మార్కో రూబియో. గొంతు ఆయనదే, మాట్లాడే తీరూ ఆయనదే. మనిషి మాత్రం ఆయన కాదు! ఎవరో కృత్రిమ మేధతో ఆయన గొంతును తయారుచేసి, ఒక అమెరికా గవర్నర్‌తో పాటు ఒక కాంగ్రెస్ సభ్యుణ్ని కూడా గిల్లి చూశారు. చివరికి అమెరికా ప్రభుత్వం తన రాయబార కార్యాలయాలన్నింటికీ ‘జాగ్రత్త’ అని కబురు పెట్టాల్సి వచ్చింది.

‘క్యాంపస్ ప్లేస్‌మెంట్ రాక మేం ఏడుస్తుంటే ఈ మంత్రుల గోల మాకెందుకు బ్రో’ అంటారేమో. ఆగండి. ఈ గోలలో మీకో ప్రమాదం ఉంది, ఓ అవకాశమూ ఉంది.

దౌత్యం అనగానే తెలుగువాళ్లకి గుర్తొచ్చేది కృష్ణ రాయబారం. పద్యనాటకం చూడకపోయినా పాత సినిమాలోనైనా చూసే ఉంటారు. ఆ సభలో సంధి కుదరకపోవచ్చు కానీ ఒక్క విషయంలో ఎవరికీ అనుమానం లేదు: వచ్చింది కృష్ణుడే, తెచ్చింది పాండవుల మాటే. తర్వాత రాజముద్రలు వచ్చాయి, సంకేతలిపిలో టెలిగ్రాములు వచ్చాయి, హాట్‌లైన్లు వచ్చాయి. అన్నింటి పనీ ఒకటే. ఈ మాట ఫలానావాళ్లదే అని అవతలివాళ్లు నమ్మేలా చేయడం. ఏఐ నేరుగా దెబ్బ కొట్టింది ఆ నమ్మకం మీదే.

2022 మార్చిలో, యుద్ధం మొదలైన కొద్ది వారాలకే, ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ తన సైనికుల్ని ఆయుధాలు కింద పెట్టమంటున్న వీడియో బయటికొచ్చింది. డీప్‌ఫేకే, కానీ చాలా నాసిరకం. తలకీ మెడకీ పొంతన లేదు. జనం నవ్వుకున్నారు. రెండున్నరేళ్లు తిరిగేసరికి, 2024 సెప్టెంబరులో, అమెరికా సెనేట్ విదేశీ వ్యవహారాల కమిటీ అధ్యక్షుడు బెన్ కార్డిన్‌కి ఉక్రెయిన్ మాజీ విదేశాంగ మంత్రి కులేబా పేరుతో వీడియో కాల్ వచ్చింది. ముఖం, గొంతు అచ్చం ఆయనవే. మరి కార్డిన్‌కి అనుమానం ఎక్కడొచ్చింది? పిక్సెల్స్‌లో కాదు. అవతలి వ్యక్తి అడిగిన ప్రశ్నల్లో. రష్యా భూభాగంలోకి దూరశ్రేణి క్షిపణులు ప్రయోగించడాన్ని సమర్థిస్తారా అని గుచ్చి గుచ్చి అడిగాడట. కులేబా ఇలా అడిగే మనిషి కాదే అనిపించి కాల్ కట్ చేశారు. ఇంజినీరింగ్ చదివినవాణ్నిగా ఈ సంగతి నన్ను కాస్త ఇబ్బంది పెట్టింది. ఏ డిటెక్షన్ మోడలూ పట్టుకోలేదు, మనిషి మీద మనిషికున్న అవగాహన పట్టుకుంది.

ఉక్రెయిన్ ఇంకో పని కూడా చేసింది. 2024 మే నెలలో ఆ దేశ విదేశాంగ శాఖ ‘విక్టోరియా షి’ అనే ఏఐ అధికార ప్రతినిధిని ప్రవేశపెట్టింది. పాస్‌పోర్టు, కాన్సులర్ సేవల సమాచారాన్ని ఆ కృత్రిమ మహిళ చదివి వినిపిస్తుంది. ఇందులో గమనించాల్సినవి రెండు. ఆమె చెప్పే మాటల్ని రాసేది మనుషులే. ఆమె వీడియోలకి క్యూఆర్ కోడ్ పెట్టారు, నకిలీ విక్టోరియాలు పుట్టకుండా. అంటే యంత్రానికి నోరు ఇచ్చారు కానీ మాట ఇవ్వలేదు. నా ఉద్దేశంలో ఏఐ వాడకానికి ఇంతకంటే తెలివైన హద్దు ప్రస్తుతానికి లేదు.

ఇక మన దేశం సంగతి. 2023 ఫిబ్రవరి 21న మన యూపీఐ, సింగపూర్ పేనౌ అనుసంధానమయ్యాయి. అక్కడున్న అన్నయ్య ఇక్కడి అమ్మకి ఫోన్ నంబర్ మీద డబ్బు పంపొచ్చు. వార్తల్లో ఇది ఫిన్‌టెక్ ఖాతాలో పడిపోయింది గానీ, నిజానికి పక్కా దౌత్యం. రెండు రిజర్వు బ్యాంకులు ఒకరి వ్యవస్థను ఒకరు నమ్మాలి. మనీలాండరింగ్ నిబంధనలు ఎవరివి, డేటా ఎక్కడ ఉంటుంది, తేడా వస్తే జవాబు ఎవరు చెప్పాలి? ఏపీఐ రాయడం కంటే వీటికి సమాధానం రాయడమే కష్టం. ఆధార్ తరహా గుర్తింపు వ్యవస్థకి కావాల్సిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ‘మోసిప్’ని బెంగళూరు ట్రిపుల్‌ఐటీ తయారుచేస్తే ఫిలిప్పీన్స్, మొరాకో లాంటి దేశాలు తీసుకున్నాయి. ఒకప్పుడు దేశాలు స్నేహం కోసం ఆనకట్టలు, స్టేడియాలు కట్టించి ఇచ్చేవి. ఇప్పుడు కోడ్ ఇస్తున్నాయి.

డెన్మార్క్ అయితే 2017లోనే ఓ రాయబారిని దేశానికి కాకుండా టెక్ కంపెనీలకు నియమించి సిలికాన్ వ్యాలీకి పంపింది. అప్పట్లో వింతగా చూశారు. మన విదేశాంగ శాఖ కూడా 2020లో కొత్త సాంకేతికతల కోసం ‘నెస్ట్’ అనే ప్రత్యేక విభాగం పెట్టింది.

సరే, ప్రమాదం అన్నాను కదా. నమ్మకం పోయిన ప్రపంచంలో దేశాలు మిమ్మల్నీ అనుమానంగానే చూస్తాయి. 2025 జూన్ నుంచి అమెరికా స్టూడెంట్ వీసాకి దరఖాస్తు చేసేవాళ్లు తమ సోషల్ మీడియా ఖాతాల్ని పబ్లిక్‌లో పెట్టాలన్నారు. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ ముందు ఫైలు పట్టుకుని నిలబడే కుర్రాడు ఐ-20, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో పాటు తన ఇన్‌స్టా చరిత్ర కూడా మోసుకెళ్తున్నట్టే లెక్క. న్యాయమా అంటే, నాకు కాదనిపిస్తుంది. కానీ రూలు రూలే.

ఇంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది. ‘థాయ్‌లాండ్‌లో డేటా ఎంట్రీ, ఫుడ్ అండ్ అకామడేషన్ ఫ్రీ’ అనే మెసేజ్ మీ గ్రూపుల్లోకీ వచ్చే ఉంటుంది. అలా నమ్మి వెళ్లినవాళ్లని సరిహద్దు దాటించి మయన్మార్‌లోని సైబర్ మోసాల శిబిరాల్లో పడేశారు. 2025 మార్చిలో థాయ్‌లాండ్‌లోని మే సోట్ నుంచి వాయుసేన విమానాల్లో మనవాళ్లు 500 మందికి పైగా తిరిగొచ్చారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ శిబిరాల్లో చేయించేది ఏమిటంటే, ఫేక్ ప్రొఫైళ్లతో వేరేవాళ్లని మోసం చేయడం. రూబియో గొంతుని దొంగిలించే టెక్నాలజీకీ ఈ దందాకీ మధ్య దూరం ఎక్కువేం లేదు.

మా ఫ్రెండ్ వాళ్ల తమ్ముడికి ఇలాంటి ఆఫరే వచ్చింది. బీటెక్ అయ్యి ఏడాది దాటింది, ఇంట్లో మాటలు మొదలయ్యాయి. వెళ్తానని పట్టుబట్టాడు. ఇద్దరం కూర్చుని విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఆ ఏజెన్సీ పేరు వెతికాం. నమోదైన ఏజెంట్ల జాబితాలో లేదు. ఫోన్ చేసి రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే ‘బ్యాంకాక్ దిగాక చెప్తా తమ్ముడూ’ అన్నాడు ఆ ఏజెంటు. పైగా వెళ్లాల్సింది టూరిస్ట్ వీసా మీద. వాడు వెళ్లలేదు. ఉద్యోగం ఇంకా రాలేదు, అది వేరే కథ.

మరి అవకాశం? నేను చదివిన కాలేజీలో ఓపెన్ ఎలక్టివ్‌ల జాబితాలో అంతర్జాతీయ సంబంధాలు అనే సబ్జెక్టే లేదు. దౌత్యం అంటే ఆర్ట్స్ వాళ్ల వ్యవహారం అని మేమూ అనుకున్నాం. ఇప్పుడు ఏఐ మీద, సైబర్ నేరాల మీద, డేటా మీద దేశాలు ఒప్పందాలు రాసుకుంటున్నాయి. 2023లో బ్రిటన్‌లోని బ్లెచ్లీ పార్క్‌లో మొదలైన ఏఐ శిఖరాగ్ర సదస్సులు సియోల్, పారిస్ మీదుగా 2026 ఫిబ్రవరిలో ఢిల్లీ దాకా వచ్చాయి. ఆ బల్లల దగ్గర కూర్చునేవాళ్లలో మోడల్ ఎలా ట్రెయిన్ అవుతుందో తెలిసినవాళ్లు కావాలి, ఒప్పందంలో ఒక్క క్రియాపదం మారితే ఏం మారిపోతుందో తెలిసినవాళ్లూ కావాలి. రెండూ తెలిసినవాళ్లు తక్కువ. సివిల్స్ రాసి ఫారిన్ సర్వీసుకి వెళ్లడం ఒక్కటే దారి కాదు. విదేశాంగ శాఖ ఇంటర్న్‌షిప్ ఉంది. యూపీఐని బయటి దేశాలకి తీసుకెళ్లే ఎన్‌పీసీఐ ఇంటర్నేషనల్ ఉంది. కంపెనీల్లో పబ్లిక్ పాలసీ విభాగాలున్నాయి. పోటీ గట్టిగానే ఉంటుంది, వారంలో వచ్చే జాబులేం కావు.

భాషా పనికొస్తుంది. గల్ఫ్‌లో ఉన్న జగిత్యాల మనిషి ఫోన్‌లో ‘జీతం పట్టుకున్నరు సార్’ అన్నాడనుకోండి. మొత్తం ఆపేశారా, కొంత కోసుకున్నారా? ‘పాస్‌పోర్టు ఇచ్చేసిన’ అంటే ఇష్టపడి ఇచ్చాడా, లాక్కున్నారా? ఫిర్యాదులో ఆ తేడాతో కేసే మారిపోతుంది. అనువాద యంత్రం మాత్రం తడుముకోకుండా ఏదో ఒకటి రాసి పడేస్తుంది.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి ఏటా ప్రతి కాలేజీలో నాలుగు బ్యాచ్‌లు అటెండెన్స్ మేనేజ్‌మెంట్ సిస్టమే చేస్తాయి (మేమూ అదే చేశాం, సిగ్గుపడుతూ చెప్తున్నా). ఈసారి దాని బదులు, తెలుగులో చెప్పిన ఫిర్యాదు విని, అనుమానం ఉన్న మాట దగ్గర ఆగి, ‘అంటే ఏంటన్నా, మొత్తం ఆపారా?’ అని తిరిగి అడిగే టూల్ ఒకటి చేసి చూడండి. డెమోకి గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన వాళ్లనే ఇద్దర్ని పిలవండి.