కాలిన మోటార్ మారిస్తే సరిపోతుందా?

పెల్లెట్ పొయ్యికి గాలి కొట్టే బ్లోయర్ మోటార్ వేడెక్కి ఆగిపోతే, మనోళ్లు చేసే మొదటి పని కొత్త మోటార్ తేవడం. నన్నడిగితే అది ఆఖరి పని కావాలి.

జహీరాబాద్ దాటినంక, 65వ నంబరు జాతీయ రహదారి చిరాగ్‌పల్లి దగ్గర కర్ణాటకలోకి పోతుంది. ఇసొంటి రోడ్డు పొంటి ఉండే దాబాలల్ల పొయ్యి రాత్రి కూడా ఆరదు. సిలిండర్ ఖర్చుకి జడిసి పెల్లెట్ పొయ్యి పెట్టుకున్నోళ్లకి బ్లోయరే ప్రాణం. రంపపు పొట్టు, పంట వ్యర్థాలు నొక్కి చేసిన ఆ గుళికలకి గాలి అందితేనే మంట. అందకుంటే పొగ, దాంతోపాటు కంటికి కనబడని కార్బన్ మోనాక్సైడ్. ఆగేది వంట ఒక్కటే కాదు, వంటమనిషి ఊపిరికీ ముప్పే.

మరి ఎందుకు వేడెక్కుతుంది? గాలి పీల్చే జాలీకి బూడిద, నూనె జిడ్డు పట్టడం మొదటి అనుమానం. ఇక్కడో తమాషా ఉంది. సెంట్రిఫ్యూగల్ బ్లోయర్‌కి గాలిదారి మూసుకుపోతే లోడ్ పెరగదు, తగ్గుతుంది. కరెంటు కూడా తగ్గుతుంది. కానీ ఆ గాలితోనే చల్లబడే మోటార్ అయితే కాలిపోతుంది. అమ్మీటర్ ఒక్కటే చూసి "అంతా ఓకే" అన్నోడు మోసపోయినట్టే.

ఇంకా ఉన్నాయి: గ్రీజు ఎండిన బేరింగ్, బలం తగ్గిన కెపాసిటర్, లో వోల్టేజీ. పొయ్యిలో నిప్పు ఉండగానే స్విచ్ ఆపేయడం కూడా అంతే. గాలి ఆగగానే పొయ్యి వేడి పైపు గుండా మోటార్‌కి ఎక్కుతుంది. గుళికలు పూర్తిగా కాలేదాకా బ్లోయర్ తిరగాల్సిందే.

వెతకడానికి పెద్ద సామాను అక్కర్లేదు. ప్లగ్ పీకి, చల్లారినంక చేత్తో తిప్పి చూడాలి. బిగుసుకుంటే బేరింగ్. తర్వాత జాలీ, ఫ్యాన్ రెక్కలు తుడవాలి. కెపాసిటర్‌ని డిశ్చార్జ్ చేసినంకనే ముట్టుకుని కొలవాలి. మోటార్ నడుస్తుండగా వోల్టేజీ చూడాలి.

దాబా నడిపేటోళ్లకి ఇంత టైమ్ ఏడిది అంటారా? కారణం అట్లనే ఉంటే కొత్త మోటార్ కూడా అదే దారి పడుతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే వైండింగ్ ఇన్సులేషన్ ఆయుష్షు సుమారు సగమవుతుందని మనకు క్లాసులో చెప్పే లెక్కే. ఇంకా ఘోరం, మాటిమాటికీ ఆగుతుందని థర్మల్ కటౌట్‌ని తీసి డైరెక్ట్ కలపడం. జొరమొచ్చిందని థర్మామీటర్ పగలగొట్టినట్టు. ఇక్కడ మాత్రం పగిలేది మంటలదాకా పోవచ్చు.

ల్యాబులో మనకు ఎప్పుడూ బాగున్న మోటార్లే ఇస్తారు. గ్రాఫ్ గీస్తాం, రికార్డు రాస్తాం, సంతకం అయిపోతుంది. చెడిపోయిన మోటార్ ఎందుకు చెడిపోయిందో ఎవరూ అడగరు. ప్రతి సెమిస్టర్‌లో ఒక్క కాలిన బ్లోయర్‌నైనా బల్ల మీద పెట్టి "కారణం చెప్పండి" అంటే చాలు. మార్చడం ఎవరైనా చేస్తారు. ఎందుకు కాలిందో చెప్పగలిగినోడే ఇంజనీరు.