గుండ్రాలు తిరగని జ్ఞాపకం

మన పాత సినిమాల్లో జ్ఞాపకం చెప్పి మరీ వచ్చేది. కథానాయకుడు కిటికీలోంచి ఎటో చూస్తాడు, తెర మీద గుండ్రాలు తిరుగుతాయి, పదిహేనేళ్ల కిందటి ఊరు చెక్కుచెదరకుండా ప్రత్యక్షమవుతుంది. ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఏ మాటన్నారో అంతా వరసలో ఉంటుంది. నిజంగా ఎవరికైనా ఏదైనా అంత శుభ్రంగా గుర్తుంటుందా? పోయినవాళ్ల గొంతు చెవిలో ఉంటుంది, మొహం అందదు. లేదా గోడ మీది ఫొటో పుణ్యమా అని మొహం మిగులుతుంది, నడక మరిచిపోతాం. ఈ చిరుగుల్ని అతుకు వేయకుండా చూపించిన పని ఎక్కువగా లఘుచిత్రాల్లోనే, అందులోనూ ప్రయోగాలని పక్కన పెట్టేసినవాటిలోనే జరిగింది.

ఫ్రెంచి దర్శకుడు క్రిస్ మార్కర్ 1962లో తీసిన ‘లా జెతే’ 28 నిమిషాల చిత్రం. మూడో ప్రపంచయుద్ధంలో పారిస్ నాశనమైంది. బతికి బయటపడ్డవాళ్లు నేల కింద తలదాచుకున్నారు. వాళ్లు ఒక ఖైదీని గతంలోకి పంపిస్తారు. చిన్నప్పుడు ఓర్లీ విమానాశ్రయంలో చూసిన ఒక స్త్రీ మొహం అతన్ని వదలలేదు. అతన్నే ఎంచుకోవడానికి కారణం అదే. చిత్రం దాదాపు మొత్తం కదలని ఫొటోలే, వెనక ఒక గొంతు. ఒక్కచోట మాత్రం, నిద్రలో ఉన్న ఆమె కళ్లు తెరిచినప్పుడు, బొమ్మ కొన్ని క్షణాలు కదులుతుంది. సినిమా అంటేనే కదిలే బొమ్మ కదా, ఆ మామూలు సంగతికి ఒళ్లు జలదరిస్తుంది. ఈ కథనే ఆధారం చేసుకుని 1995లో హాలీవుడ్ ‘ట్వెల్వ్ మంకీస్’ తీసింది. బాగానే తీసింది. కానీ రెండు గంటలు దాటిన ఆ సినిమాలో ఈ రెప్పపాటుకు సాటి వచ్చేది నాకైతే కనపడలేదు.

అమెరికన్ హాలిస్ ఫ్రాంప్టన్ ఇంకా మొండిఘటం. సినిమాలకు రాకముందు ఆయన ఫొటోగ్రాఫర్. 1971లో తీసిన ‘నోస్టాల్జియా’లో తన పాత ఫొటోలను ఒక్కొక్కటే కరెంటు పొయ్యి మీద పెట్టాడు. కెమెరా పైనుంచి చూస్తూ ఉంటుంది. ముందు పొయ్యిలోని తీగచుట్ట ఆకారం కాగితం మీద తేలుతుంది. ఆ తర్వాత అంచులు ముడుచుకుంటాయి, బొమ్మ నల్లబడుతుంది, చివరికి బూడిద పొర మాత్రం సన్నగా వణుకుతూ ఉంటుంది. ఇంతసేపూ ఒక గొంతు ఏదో ఫొటో గురించి చెబుతూనే ఉంటుంది. అసలు కిటుకు కాసేపటికి గానీ అర్థం కాదు: చెబుతున్నది కాలుతున్న ఫొటో సంగతి కాదు, తర్వాత రాబోయేదాని సంగతి. విన్నది గుర్తుపెట్టుకుని, వచ్చిన ఫొటోతో సరిచూసుకునేలోపే అది కూడా అంటుకుంటుంది. ఈలోగా చెవిలో ఇంకో ఫొటో కథ మొదలైపోతుంది. పైగా ‘నేను’ ‘నేను’ అంటున్న ఆ గొంతు ఫ్రాంప్టన్‌ది కానే కాదు, అతని మిత్రుడు, మరో దర్శకుడు మైకేల్ స్నోది. అస్తిత్వం గురించి మన సదస్సుల్లో పూటల తరబడి నలిగే ప్రశ్న ఇక్కడ ఒక్క సిద్ధాంతం పేరైనా ఎత్తకుండా నడిచిపోతుంది. చూడటం తేలిక అని మాత్రం అనను. విసుగొస్తుంది. విసుగు దాటి కూర్చున్నవాళ్లకే ఆ చిత్రం.

జ్ఞాపకంలాగే అతుకు వేయకుండా చూపించాల్సింది ఇంకోటి ఉంది, నమ్మకం. దాని గురించి నాకు తెలిసిన గొప్ప లఘుచిత్రం ఒక కవయిత్రి తీసింది. ఇరాన్ కవయిత్రి ఫరూగ్ ఫరూఖ్‌జాద్ 1962లో తబ్రీజ్ దగ్గరి కుష్ఠురోగుల ఆవాసానికి వెళ్లి ‘ద హౌస్ ఈజ్ బ్లాక్’ తీశారు. నిడివి 22 నిమిషాలు. బడిలో పిల్లలు వాచకం చదువుతుంటారు: చేతులిచ్చినందుకు, కళ్లిచ్చినందుకు దేవుడికి కృతజ్ఞతలు. చదువుతున్న పిల్లల చేతుల్నీ మొహాల్నీ కెమెరా చూపిస్తుంది. ఇంకోచోట పంతులు అడుగుతాడు, తల్లినీ తండ్రినీ ఇచ్చినందుకు దేవుడికి ఎందుకు దణ్ణం పెట్టుకోవాలని. తెలియదు, నాకిద్దరూ లేరు అంటాడు కుర్రాడు. అందవిహీనమైనవి చెప్పమంటే ఒకడు చెయ్యి, కాలు, తల అంటాడు, తరగతి గొల్లున నవ్వుతుంది. ఆ నవ్వు దగ్గర మనకు నోట మాట రాదు. వైద్యం చేస్తే ఈ జబ్బు నయమవుతుందని ఒక మగ గొంతు లెక్కగా చెబుతుంది. ఫరూగ్ గొంతు ప్రార్థనలా సాగుతుంది. రెండూ ఒకదాన్నొకటి కొట్టేయవు. దేవుణ్ణి వెక్కిరించడం గానీ వెనకేసుకురావడం గానీ ఆమె పెట్టుకోలేదు. తర్వాత అయిదేళ్లకే, 32 ఏళ్ల వయసులో, కారు ప్రమాదంలో పోయారు.

మన దేశంలో ఈ దారి లేకపోలేదు. సినిమాకు ముందు ఫిలిమ్స్ డివిజన్ రీలు వేస్తుంటే మనవాళ్లు బయట సిగరెట్లు కాల్చుకునేవాళ్లే గానీ, ఆ సర్కారీ సంస్థలోనే ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి ‘ఐ యామ్ 20’ (1967), ప్రమోద్ పతి ‘ఎక్స్‌ప్లోరర్’ (1968) తీశారు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది పుట్టినవాళ్లను ఇరవయ్యేళ్లకు నిలబెట్టి, మీకు ఈ దేశమంటే ఏమిటని మొదటిది అడిగింది.

తెలుగులో లఘుచిత్రాలకు కొదవ లేదు. యూట్యూబ్ వచ్చాక వాటితో మొదలుపెట్టి పెద్ద సినిమాలకు వెళ్లినవాళ్లున్నారు, సంతోషమే. చిక్కల్లా అవి నిర్మాతకు చూపించే విజిటింగ్ కార్డులైపోవడం. ప్రేమ, పంచ్ డైలాగు, చివర్లో మెలిక. పది నిమిషాల్లో పెద్ద సినిమా తీయగలనని రుజువు చేసుకునే తొందరలో, పది నిమిషాల్లో మాత్రమే తీయగలిగినదాన్ని వదిలేస్తున్నాం. ఇలాంటివి తెలుగువాళ్లకు ఎక్కవనే మాట నేను ఒప్పుకోను. ఒక విద్యార్థి ఒక్కరోజు ఆలోచనల్లో నడిచే ‘అంపశయ్య’ నవలను 1969 నుంచి చదువుకుంటూనే ఉన్నాం. పుస్తకంలో భరించగలిగిన కంగాళీని తెర మీద భరించలేమా?

కథకు, కవితకు ఇచ్చే చోటు లఘుచిత్ర సమీక్షకు కూడా సాహిత్య పత్రికలు ఇవ్వాలి. మా వంతుగా మేం ఇస్తాం. మీరు తీసింది ఉంటే చూపించండి, చూసింది ఉంటే రాసి పంపండి. కథ చెప్పకపోయినా ఫరవాలేదు.