తేలిక బుల్లెట్, ఎక్స్‌ప్రెస్ స్పీడు

ఎక్స్‌ప్రెస్ అనగానే మనకి గోదావరి గుర్తొస్తుంది, చార్మినార్ గుర్తొస్తుంది. వేట రైఫిళ్ల గురించి తెలిసినవాళ్లకి గుర్తొచ్చేది మాత్రం తుపాకీ. లండన్‌లో జేమ్స్ పర్డీ అనే తుపాకుల తయారీదారు 1856లో ఒక రకం రైఫిల్‌కి ‘ఎక్స్‌ప్రెస్ ట్రైన్’ అని పేరు పెట్టాడు. అప్పట్లో లోకంలో అందరికీ తెలిసిన స్పీడంటే రైలే మరి. తర్వాత ట్రైన్ ఊడిపోయి ఎక్స్‌ప్రెస్ మిగిలింది. ఇప్పటికీ పెద్ద వేట రైఫిళ్ల తూటాల పేర్లలో ఆ మాట ఉంటుంది.

పర్డీ ఐడియా సింపుల్. తుపాకీ గొట్టం లావుగానే ఉంచు, బుల్లెట్ బరువు తగ్గించు, వెనక మందు ఎక్కువ దట్టించు. బుల్లెట్ దూసుకుపోతుంది.

ఇక్కడ ఒక మాట. మనం తూటా, బుల్లెట్ రెండూ ఒకటే అన్నట్టు వాడేస్తాం. తూటాలో నాలుగుంటాయి: ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, మూతిలో బిగించిన బుల్లెట్. ఎగిరి వెళ్లేది ఆ చివరిదొక్కటే. ఇత్తడి గొట్టం మిగిలిపోతుంది. దాన్ని పారేయకుండా సైజు సరిచేసి, కొత్త ప్రైమర్ గుచ్చి, మందు తూచి పోసి, కొత్త బుల్లెట్ బిగించుకోవడమే హ్యాండ్‌లోడింగ్. అమెరికాలో ఇదొక పెద్ద హాబీ. టెక్సస్‌లో ఉండే మా టీమ్‌మేట్ ఒకతను వీడియో కాల్‌లో తన గ్యారేజీ బల్ల చూపించాడు. చేతి ప్రెస్సు, చిన్న త్రాసు, వరసగా ఇత్తడి గొట్టాలు. కంసాలి కొట్టులా అనిపించింది నాకు. తూకం కూడా అలాంటిదే, గ్రెయిన్లలో తూస్తారు. ఒక గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. మన కంసాలి త్రాసులో గురిగింజ ఎత్తు దాదాపు రెండు గ్రెయిన్లు.

నేను తుపాకీ పట్టింది ఎన్‌సీసీలో పాయింట్ టూ టూ రైఫిల్ ఒక్కటే. అందుకని కాల్చడం గురించి నేను చెప్పేదేమీ లేదు, లెక్క గురించే చెప్తాను. లెక్కలోనే అసలు మజా ఉంది.

ఒకే లావు బుల్లెట్లు రెండు తీసుకుందాం. రెండూ 0.45 అంగుళాల వ్యాసం. మొదటిది 1871లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న మార్టినీ హెన్రీ రైఫిల్‌ది. బుల్లెట్ 480 గ్రెయిన్లు, అంటే 31 గ్రాములు. వేగం సెకనుకి దాదాపు 410 మీటర్లు. రెండోది అదే కాలపు 450 ఎక్స్‌ప్రెస్ వేట రైఫిల్‌ది. దాని తేలికపాటి బుల్లెట్ 270 గ్రెయిన్లే, పదిహేడున్నర గ్రాములు. వేగం సుమారు 600 మీటర్లు.

గాలి అడ్డం లేదనుకుని చూస్తే, వంద మీటర్లు వెళ్లేలోపు మొదటి బుల్లెట్ 29 సెంటీమీటర్లు కిందకి జారుతుంది. రెండోది 14 సెంటీమీటర్లే. జింక ఎనభై మీటర్లలో ఉందా నూట ఇరవైలో ఉందా అని కంటితో అంచనా వేసుకునే రోజుల్లో, ఈ తేడా వేటగాడికి వరం. దూరం కాస్త తప్పుగా అనుకున్నా గురి తప్పదు. ఎక్స్‌ప్రెస్ రైఫిళ్లు అంతగా అమ్ముడుపోయింది ఇందుకే.

ఇప్పుడు శక్తి. సగం ఎమ్ వీ స్క్వేర్, ఇంటర్‌లో బట్టీ పట్టిందే. మొదటిదానికి దాదాపు 2,600 జౌళ్లు, రెండోదానికి 3,150. తేలికదే గెలిచింది! వేగాన్ని స్క్వేర్ చేస్తాం కాబట్టి ఈ లెక్కలో మొగ్గు వేగానికే ఎక్కువ. కానీ ద్రవ్యవేగం, అదే ఎమ్ ఇంటూ వీ, చూడండి. మొదటిదానికి 12.8, రెండోదానికి 10.5. ఓడిపోయింది. రెండు ఫార్ములాలూ కరెక్టే, రెండు చెప్పే కథలు మాత్రం వేరు. తూటాల డబ్బా మీద ఎనర్జీ అంకె చూసి తుపాకీ ఎంచుకోవడం, మెగాపిక్సెల్ చూసి ఫోన్ కొన్నట్టే.

గల్లీ క్రికెట్ ఆడినవాళ్లకి మిగతాది నేను చెప్పక్కర్లేదు. టెన్నిస్ బాల్‌నీ, కార్క్ బాల్‌నీ బౌండరీ నుంచి విసిరి చూడండి. చెయ్యి వదిలేటప్పుడు టెన్నిస్ బాల్ జోరుగానే వెళ్తుంది, సగం దూరంలో గాలి దాన్ని ఆపేస్తుంది. కార్క్ బాల్ కీపర్ చేతుల్లోకి వచ్చి మంట పుట్టిస్తుంది. మన రెండు బుల్లెట్ల లావు ఒకటే, గాలికి తగిలే ముఖం ఒకటే, కానీ ఎక్స్‌ప్రెస్ బరువు 44 శాతం తక్కువ. గాలిలో త్వరగా నెమ్మదిస్తుంది. గాలిలోనే కాదు, కండలోనూ ఎముకలోనూ అంతే. వేగంగా తగిలి, లోతుకి వెళ్లకుండానే ఆగిపోతుంది.

పైగా చాలా ఎక్స్‌ప్రెస్ బుల్లెట్ల ముక్కు బోలు. అందులో రాగి గొట్టం ముక్క పెట్టేవాళ్లు. తగలగానే పువ్వులా విచ్చుకోవాలని. జింకకి అది సరిపోయింది. దున్నలూ ఏనుగుల దగ్గరికి వచ్చేసరికి బుల్లెట్ పైపైనే చితికిపోయేది. సిలోన్‌లో, ఆఫ్రికాలో ఏళ్ల తరబడి వేటాడిన శామ్యూల్ బేకర్ 1890లో తన పుస్తకంలో ఈ బోలు బుల్లెట్లని ఏకిపారేశాడు. పెద్ద జంతువులకి గట్టి సీసపు బుల్లెట్టే కావాలన్నాడు. ఇవాళ్టి చూపుతో చూస్తే అతని వేట మనకి మింగుడుపడదు. ఆ లెక్క మాత్రం సరైనదే.

ఇంకో చిక్కుంది, నాకు బాగా నచ్చింది. అప్పటి పెద్ద రైఫిళ్లలో చాలావాటికి రెండు గొట్టాలు, పక్కపక్కన అతికినవి. కుడి గొట్టం పేలితే తుపాకీ వెనక్కి తన్నుతూ కాస్త పైకీ కుడికీ తిరుగుతుంది. బుల్లెట్ గొట్టంలో ఉన్న ఆ క్షణంలోనే ఈ తిరగడం మొదలైపోతుంది. అందుకే రెండు గొట్టాల్నీ ముందే కొంచెం లోపలికి వంచి అతికిస్తారు, తిరిగాక రెండు బుల్లెట్లూ ఒకేచోట తగిలేలా. కారిగర్ కాల్చి చూసి, సరిచేసి, మళ్లీ కాల్చి ఒక బుల్లెట్ బరువుకి, ఒక వేగానికి సెట్ చేసేవాడు. ఇప్పుడు దాంట్లో తేలిక బుల్లెట్ వేస్తే? అది తొందరగా బయటపడుతుంది, తుపాకీ అంత తిరగకముందే. కుడి గొట్టం బుల్లెట్ ఎడమకీ, ఎడమది కుడికీ తగులుతాయి. ఒంటి గొట్టం రైఫిల్లో కూడా దగ్గర దూరంలో వేగమైన బుల్లెట్ ఒక్కోసారి కిందే తగులుతుంది, కారణం ఇదే. స్పీడు పెరిగితే పైకి తగలాలి కదా అనుకుంటాం!

పొగలేని మందు వచ్చాక ఈ గొడవ చాలావరకు తీరిపోయింది. 1898లో రిగ్బీ 450 నైట్రో ఎక్స్‌ప్రెస్ తెచ్చాడు. మళ్లీ 480 గ్రెయిన్ల బరువు బుల్లెట్టే, వేగం మాత్రం 650 మీటర్లు. అంటే తేలిక చేయకుండానే ఎక్స్‌ప్రెస్. కొన్నేళ్లకే, 1907 ప్రాంతంలో, బ్రిటిష్ వాళ్లు ఇండియాలోకి 450 రకం తూటాలు రానివ్వడం ఆపేశారు. మార్టినీ హెన్రీల్లో వాడుకుంటారని భయం. మన తిరుగుబాటు భయానికి లండన్ కంపెనీలు 465, 470 అని కొత్త సైజులు కనిపెట్టాల్సి వచ్చింది. ఆ 470 ఆఫ్రికాలో ఇప్పటికీ నడుస్తోంది.

మరి ఇప్పుడు పెద్ద రైఫిల్‌కి తేలిక బుల్లెట్ ఎందుకు? మా టీమ్‌మేట్ చెప్పిన కారణం ఒక్క ముక్కలో: భుజం నొప్పి. 1956లో వచ్చిన 458 విన్‌చెస్టర్ మాగ్నమ్‌ని 500 గ్రెయిన్ల బుల్లెట్‌తో కాలిస్తే భుజం అదిరిపోతుంది. 300 గ్రెయిన్లది వేస్తే తన్ను తగ్గుతుంది, గీత చదునవుతుంది, జింకకి చాలు. ఇక్కడా ఒక మెలిక ఉంది. అదే లావు 300 గ్రెయిన్ల బుల్లెట్లు 1873 నాటి 45-70 తూటా కోసమూ చేస్తారు, నెమ్మది వేగాలకి తగ్గట్టు పల్చటి రాగి తొడుగుతో. వాటిని మాగ్నమ్ వేగంతో పంపితే తగిలిన చోటే పిండి అవుతాయి. డబ్బా మీద రెండింటికీ వ్యాసం, బరువు ఒకటే రాసి ఉంటుంది. తేలిక బుల్లెట్ మందుకి ఎక్కువ ఎదురు నిలవదు కాబట్టి మందు రకమూ మార్చాలి, త్వరగా మండేది కావాలి. ఎంత అన్నది ముద్రించిన మాన్యువల్ చూసే వేస్తారు, అటూ ఇటూ కాదు. మన దగ్గర ఈ ప్రయోగాల ఊసే ఎత్తకండి, ఆయుధాల చట్టం ప్రకారం తూటా తయారీకి లైసెన్సు కావాలి. వేట సంగతి 1972 వన్యప్రాణి చట్టం తేల్చేసింది.

బుల్లెట్ పని పూర్తి చేయకపోతే ఏమవుతుందో మన దేశంలోనే రాసిపెట్టి ఉంది. 1907లో జిమ్ కార్బెట్ చంపిన చంపావత్ ఆడపులి లెక్కలోకి 436 మంది వచ్చారు. దాని కుడివైపు కోరపళ్లు, పైదీ కిందిదీ, విరిగి ఉన్నాయి. అవి ఎవరో కాల్చిన పాత గాయం అని, అందుకే మామూలు వేట చేతకాక మనుషుల మీద పడిందని కార్బెట్ రాశాడు. ఆ రోజు అతని చేతిలో ఉన్నది 500 రైఫిల్, మన పాత ఎక్స్‌ప్రెస్ కుటుంబానిదే, నల్ల మందు బదులు కార్డైట్ వేసింది. తూటాలు మూడే.

తర్వాత రోజుల్లో కార్బెట్ 450/400 జెఫ్రీ వాడాడు, 400 గ్రెయిన్ల బుల్లెట్. అప్పటి చిత్తూరు జిల్లా చామల లోయలో పులి కోసం తిరిగిన కెన్నెత్ ఆండర్సన్ వాడింది 405 విన్‌చెస్టర్. దాదాపు అదే లావు, కానీ 300 గ్రెయిన్లే. పులి చర్మం పల్చన, ఎముకలు ఏనుగువి కావు, కాబట్టి రెండూ పనిచేశాయి. అదే 405ని 1909లో ఆఫ్రికాకి పట్టుకెళ్లిన రూజ్‌వెల్ట్ సింహాల మీద దాన్ని తెగ మెచ్చుకున్నాడు. ఏనుగుల దగ్గరికి మాత్రం లండన్‌లో చేసిన 500/450 జంట గొట్టాల రైఫిలూ, దాని 480 గ్రెయిన్ల బుల్లెట్లూ తీసుకునే వెళ్లాడు.