గృహవినోదము: తొలి హెలికాప్టరు బొమ్మ

రేడియోచే నడుచు హెలికాప్టరు బొమ్మను పిల్లలకు గొనదలచినచో, వెల యడుగుటకు ముందు దాని రెక్కలను జూడవలయును.

ఒకదానిపై నొకటిగ రెండు జతల రెక్కలు తిరుగునది నిలుకడ గలది. కాని చిరుగాలికే కొట్టుకొనిపోవును. ఒంటిజత రెక్కలది అట్లు గాదు. రెక్కలొకవైపు తిరుగగా దేహము వేరొకవైపు తిరుగజూచును. తోకయందలి చిన్నరెక్క దాని నాపును. 1939లో సికోర్‌స్కీ అమెరికాలో నెగిరించిన యంత్రమునకును ఇట్టి తోకయే యుండెను.

తొలిసారి కొనువారికి రెక్కల వాలు మారని చిన్నబొమ్మ మేలు. వాలు మారునది తలక్రిందుగనైన నెగురును గాని, క్షణములో చేయిజారును. విడిరెక్కలు, తోకమోటారు దొరకునో లేదో ముందే విచారింపుడు. నేర్చుకొనువారికి పడుట తప్పదు.

తోకను తనవైపున నుంచి గాలిలో నిలుపుటయే మొదటి పాఠము. ముక్కు మనవైపు తిరిగినచో కుడియెడమలు తారుమారగును.

పెద్దదాని రెక్క కంటికిని వ్రేళ్లకును ప్రమాదకరము. కావున అరచేత నిముడునంతటి దానినే కొనుడు. లిథియము బ్యాటరీ యుబ్బినచో మరల వాడరాదు. దానికి విద్యుత్తు ఎక్కించునపుడు పెద్దలు చెంత నుండవలయును.

ఈ యాటను బాలురకే విడువక, బాలికలకును నేర్పుడని మా మనవి.