దేశాంతర విశేషములు: వోకింగునందలి బేగముగారి మసీదు

లండనునకు నైరృతిదిక్కున వోకింగను పట్టణము గలదు. పాతయూరు వే నదీతీరమందున్నది. అందలి సెయింటు పీటరు క్రైస్తవాలయపు పడమటివాకిలి నార్మనురాజుల కాలమునాటిది. 1838లో రైలు రాగా, పాతయూరికి దూరముగా బీడుభూమిలో స్టేషను వెలసి, దానిచుట్టు క్రొత్తపట్టణము పెరిగెను.

ఈ క్రొత్తపట్టణముననే 1889లో గుమ్మటముతో నొక మసీదు లేచినది. బ్రిటనులో మసీదుగనే కట్టబడినవానిలో నిది మొదటిది. ప్రాచ్యవిద్యాలయమును స్థాపించిన డాక్టరు లైట్నరు పూనుకొని కట్టించెను. ధనమిచ్చినవారిలో ముఖ్యురాలు నాడు భోపాలు నేలుచుండిన షాజహాను బేగముగారు. దాతలపేళ్లు మాసిపోవుట లోకరీతియే కాని, యిచ్చట కట్టడమునకే యామె పేరు నిలిచినది! విక్టోరియారాణి విండ్సరునందున్నపుడు ఆమె కొలువులోని భారతీయ ముసల్మానులు ఇచ్చటికి వచ్చి నమాజు చేయుచుండిరట.

1899లో లైట్నరు మరణించెను. విద్యాలయము మూతపడెను, మసీదును పట్టించుకొనువారు లేక పలువత్సరములు పాడుపడియుండెను. గుడి కట్టించుట యొకయెత్తు, నిత్యము దీపము పెట్టుట యొకయెత్తు గదా! తుదకు 1913 ప్రాంతమున లాహోరు న్యాయవాది ఖ్వాజా కమాలుద్దీనుగారు వచ్చి తిరిగి ప్రార్థనలు నడిపించిరి.

మొదటి మహాయుద్ధమున మరణించిన భారతీయ ముస్లిము సైనికులకై, మసీదునకు చేరువనున్న హార్సెలుబీటిలో 1917లో సమాధిస్థలము కట్టబడెను. ఎచ్చటి తల్లుల బిడ్డలో! 1968లో వారి యవశేషములను బ్రూక్‌వుడ్డు శ్మశానమునకు మార్చిరి. ఆ స్థలము 2015లో శాంతివనమైనది. మసీదును 2018లో ప్రభుత్వము రక్షితకట్టడములలో ప్రథమశ్రేణికి చేర్చినది. అందు నేటికిని నమాజు జరుగుచున్నది.