మంచినీరు మన చేతిలో అమానతు

ఎదుట సముద్రమంత నీరున్నా గుక్కెడు తాగలేం. ఎందుకని అడిగితే ఉప్పన కాబట్టి అని చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఆ ఉప్పు ఎంత, ఎక్కడిది అన్నది మాత్రం పెద్దలమైన మనమూ ఆలోచించం.

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అందులో 85 శాతం దాకా సోడియం, క్లోరైడ్‌లే. అంటే మన వంటింటి ఉప్పే. మిగిలినవి సల్ఫేటు, మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం వగైరా. నదుల నీటిలోనూ లవణాలుంటాయి. రాళ్లను కరిగించుకుంటూ వచ్చే ఆ నీటిలో కాల్షియం, బైకార్బొనేట్‌ల పాలు ఎక్కువ. అయితే అన్నీ కలిపినా సాధారణంగా లీటరుకు గ్రాములో కొద్ది వంతే. సముద్రంలో చేరిన కాల్షియాన్ని గవ్వలు, పగడాలు తమ గూళ్లకు వాడుకుంటాయి. నీరు ఆవిరై పోతుంది. సోడియం, క్లోరైడ్ కోట్ల సంవత్సరాలుగా అక్కడే పోగుపడుతున్నాయి. అంత ఉప్పును బయటికి పంపాలంటే మన మూత్రపిండాలు తాగిన నీటికన్నా ఎక్కువ నీరు ఖర్చు చేయాలి. అందుకే ఆ నీరు దాహాన్ని పెంచుతుందే గాని తీర్చదు.

దివ్య ఖుర్ఆన్ ఈ రెండు నీళ్లనూ వేర్వేరుగా ప్రస్తావిస్తుంది. ఆ తేడా విలువ తీరగ్రామాల వారికి బాగా తెలుసు. బాపట్ల ఇసుక నేలల్లో ఇంకిన వాననీరు తేలిక కనుక కింది ఉప్పునీటిపై తేలుతుంది. సముద్రమట్టానికి ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిస్తే, ఆ మట్టం కింద దాదాపు 40 అడుగుల వరకు మంచినీరే ఉంటుందని శాస్త్రజ్ఞుల లెక్క. లోతు బోర్లతో పైమట్టాన్ని ఒక అడుగు దించితే, కింది ఉప్పునీరు కాలక్రమంలో ఆ లెక్కనే పైకి ఎగబాకుతుంది. మీగడ తీసినట్టు పైనీటినే తోడుకునే దొరువులను మన పెద్దలు ఊరికే తవ్వలేదు.

యంత్రాలతో ఉప్పు తీయవచ్చుగా అనవచ్చు. వెయ్యి లీటర్లకు 3, 4 యూనిట్ల కరెంటు కావాలి. పల్లెల్లో ఆ ఖర్చు ఎవరు భరిస్తారు? ఒకసారి ఉప్పెక్కిన బావి మళ్లీ తీయబడటానికి ఏళ్లు పడుతుంది.

తీరం వెంట లోతు బోర్లు ఆపాలన్నదే మా అభిప్రాయం. దైవప్రవక్త (స) లీటరుకు లోపు నీటితోనే వుజూ చేసేవారు. మన కుళాయి కింద ఎంత పారుతోంది? మసీదు కప్పుమీది వాననీటిని ఇంకుడు గుంతకు మళ్లిద్దాం. ఈ నీరు మన పిల్లలకు అప్పగించవలసిన అమానతు కదా!